మా పండక్కో నవ్వుల సినిమా

పండగ రోజు టీవీలో ఏ సినిమా వేస్తారో గమనించండి. ఆ రోజు ఎవరి ఇల్లు నవ్వాలో, ఎవరి ఇల్లు చేతులు కట్టుకుని కూర్చోవాలో తెలిసిపోతుంది. సంక్రాంతికి అత్తాఅల్లుళ్ళ హాస్యం. క్రిస్మస్‌కి 'కరుణామయుడు'. రంజాన్‌కి చార్మినార్ బొమ్మ మీద ఈద్ ముబారక్, హలీం బట్టీ దగ్గర ఒక వార్త. అంతే.

'కరుణామయుడు' మీద నాకు పేచీ లేదు. 1978లో విజయచందర్ ఏసుగా వేసిన ఆ సినిమా చూసి ఏడవని వాళ్ళు మా వైపు తక్కువ. కానీ నెల్లూరుకి అమెరికన్ బాప్టిస్టు మిషను వచ్చింది 1840లో. ఇన్నేళ్ళుగా మా సముద్రపు ఒడ్డు పల్లెల్లో క్రిస్మస్ అంటే కాగితపు నక్షత్రం, కొత్త బట్టలు, అరిసెలు, రాత్రంతా పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరగడం. ఆ ఇళ్ళు ఆ రోజు నవ్వుతుంటాయి. టీవీ మాత్రం వాళ్ళకి సిలువ చూపిస్తుంది. మైనారిటీ పండగంటే భక్తి, త్యాగం, కన్నీళ్ళు. నవ్వు మాత్రం పెద్దింటి వాళ్ళది.

క్రిస్మస్‌ని పెద్ద పండగగా చేసుకునే దేశాల్లో అలా కాదు. 1946లో ఫ్రాంక్ కాప్రా తీసిన 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్'కి పెట్టిన డబ్బు కూడా రాలేదు. 1974లో దాని కాపీరైటు పొడిగించుకోకుండా వదిలేశారు. ఊరికే వస్తోంది కదా అని టీవీ వాళ్ళు డిసెంబరు వస్తే చాలు వేశారు, మళ్ళీ వేశారు. ఒక తరం గడిచేసరికి అది లేనిదే అమెరికాలో క్రిస్మస్ లేదు. 1990లో 'హోం ఎలోన్' వచ్చింది. ప్రయాణం హడావిడిలో ఒక పెద్ద సంసారం తమ పిల్లాణ్ణి ఇంట్లో మరిచిపోయి విమానమెక్కుతుంది. వాడొక్కడే దొంగల్ని ముప్పుతిప్పలు పెడతాడు. అది పోలండుకి ఎంత చుట్టమైపోయిందంటే, 2010లో అక్కడి పోల్సాట్ ఛానెల్ ఆ ఏడాదికి వేయడం లేదని తెలిసి జనం గొడవచేసి మరీ వేయించుకున్నారు. పోలండు వాళ్ళకి షికాగో ఏమవుతుంది? ఏమీ కాదు. కానీ ఇంటినిండా చుట్టాలు, కసురుకునే బాబాయి, చివరికి తలుపు తోసుకుని వచ్చే తల్లి అందరికీ ఉంటారు.

పండగ సినిమా గొప్ప సినిమా కానక్కర్లేదు. ఏటేటా తిరిగి రావాలి. మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్ళొచ్చినా కథ తప్పిపోకూడదు. ముసలమ్మకీ మనవడికీ ఒకేచోట నవ్వు రావాలి. అది మన ఇల్లే అనిపించాలి.

మా ఇంట్లో ఆ చోటు 'గుండమ్మ కథ'ది. 1962 జూన్ 7న విడుదలైన సినిమా. ఏ పండక్కీ తీసింది కాదు. మేమే దాన్ని ఈద్‌కి తెచ్చుకున్నాం. షీర్ ఖుర్మా గిన్నెలు ఖాళీ అయ్యాక టీవీ, వీసీపీ అద్దెకు దిగేవి. మూడు క్యాసెట్లు. ఒకటి అమితాబ్‌ది, ఒకటి చిరంజీవిది, మూడోది అడగక్కర్లేదు. మా నానీకి తెలుగు సగమే వచ్చు. సూర్యకాంతం నోరు తెరిస్తే చాలు, "యే తో అప్నీ ఖాలాచ్ హై" అనేది. ఇది మన పిన్నమ్మే కదా అని. తెరమీద ఎన్టీఆర్ నిక్కరేసుకుని పిండి రుబ్బుతుంటే మా అమ్మీ అబ్బా వైపు చూసేది. అబ్బా పైకప్పు వైపు చూసేవాడు. రమణారెడ్డి మా జిల్లా మనిషే కాబట్టి ఆయన్ని కూడా చుట్టాల్లో కలిపేశాం.

అంతా మాదే అనుకున్న ఆ ఇంట్లో మేం లేం.

మరి ఎక్కడున్నాం? తెలుగు సినిమాలో సాయిబుకి చాలాకాలం రెండు వేషాలే ఎక్కువ. హీరో కోసం ప్రాణమిచ్చే నేస్తం. లేదంటే 'నీకి', 'నాకి' అని తెలుగు తప్పులు మాట్లాడే మనిషి. తర్వాత మూడోవాడు చేరాడు, బాంబు పెట్టేవాడు. మొదటివాడు చస్తాడు. రెండోవాడు నవ్వులపాలవుతాడు. మూడోవాణ్ణి చంపుతారు. ముగ్గురిలో ఒక్కడికైనా ఇల్లుందా? కోడలితో పేచీ పెట్టుకునే అమ్మ ఉందా? తెలుగులో క్లాసుకే ఫస్టొచ్చిన నన్ను బడిలో పిల్లలు సోమవారం వస్తే ఆ 'నీకి నాకి' యాసతోనే పిలిచేవాళ్ళు. ఆదివారం సినిమా వాళ్ళకి నేర్పిన సాయిబు అతనే.

2005లో హైదరాబాదులో 'ది అంగ్రేజ్' వచ్చింది. కుంట నిఖిల్ తీశాడు. చార్మినార్ దగ్గర కూచుని గొప్పలు కొట్టే ఇస్మాయిల్ భాయ్ జట్టు సీడీల మీద ఇంటింటికీ వచ్చేసింది. మా దక్కనీ మొదటిసారి నవ్వులపాలు కాకుండా నవ్వించింది. ఇస్మాయిల్ భాయ్‌గా వేసినాయన పేరు ధీర్ చరణ్ శ్రీవాస్తవ్. భాష ఒక మతం సొత్తు కాదని వేరే ఉపన్యాసం అక్కర్లేదు. మా నెల్లూరు యాస వేరైనా కడుపుబ్బా నవ్వుకున్నాం. అయితే అందులో వీధి ఎక్కువ, ఇల్లు తక్కువ. మా నానీ కూర్చునే చోటు అక్కడా లేదు.

ఈద్ నెలవంకని బట్టి వస్తుంది, ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, సినిమా ఎలా కుదురుస్తాం అంటారు. 2009లో 'వాంటెడ్' ఈద్‌కే వచ్చింది. ఆ తర్వాత సల్మాన్ సినిమాలకి ఈద్ ఆనవాయితీ అయింది. నెలవంక అడ్డురాలేదు. కాకపోతే అవి ఈద్‌కి వచ్చిన సినిమాలే తప్ప ఈద్ జరుగుతున్న ఇంటి సినిమాలు కావు.

కథ లేదనకండి. మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువుకి రండి. బారాషహీద్ దర్గా పక్కన మోకాళ్ళలోతు నీళ్ళలో అన్ని కులాల వాళ్ళూ రొట్టెలు మార్చుకుంటుంటారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె, వీసా రొట్టె. ఆ తోపులాటలో వీసా రొట్టె కావాల్సిన కుర్రాడికి సంతానం రొట్టె, మనవడు కావాల్సిన ఖాలాకి దుబాయ్ వీసా రొట్టె అందాయనుకోండి. అక్కణ్ణుంచి రెండున్నర గంటలు ఎవరైనా నవ్విస్తారు.

మమ్మల్ని దేవతల్ని చేయొద్దు, దయ్యాల్నీ చేయొద్దు. ఒక గయ్యాళి ఖాలాని ఇవ్వండి. ఆమెని ఏటా మా ఇంటికి పిలుచుకుంటాం. మీ ఇంటికీ వస్తుంది.