చిన్నాయన పడవ, తీగలో చిలుము

చిన్నాయన కోవళంలో పాత మోటారు బోటు కొన్న సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలుసు. దాన్ని అమ్మేయమని పిన్నమ్మ పట్టుబట్టిన సంగతీ తెలుసు. మధ్యలో ఏం జరిగిందో మాత్రం తలా ఒక రకంగా చెప్తున్నారు, అందుకని రాస్తున్నాను. నాది కోలారులో కన్నడ మీడియం చదువు, తెలుగులో తప్పులుంటే పెద్దవాళ్ళు దిద్దండి.

పదిహేడు అడుగుల ఫైబరు పడవ, వెనక పెట్రోలు ఇంజను. ముట్టుకాడు నీళ్ళలోనే తిప్పుతారు. దాని జబ్బేంటంటే, తాళం తిప్పితే టక్ అంటుంది, ఇంజను తిరగదు. ఒక్కోసారి తిరుగుతుంది. లైట్లు మాత్రం బ్రహ్మాండంగా వెలుగుతాయి. ఒక మెకానిక్ రెండుసార్లు బ్యాటరీ మార్పించాడు, డబ్బు పోయిందే గాని జబ్బు పోలేదు. ఒకరోజు మనవళ్ళిద్దరూ ఎక్కి ఉండగా నీళ్ళ మధ్యలో ఆగిపోయింది. అప్పుడు పోటు తీస్తోంది, నీళ్ళు సముద్రం వైపు లాగుతున్నాయి. తెలిసిన జాలరి తాడు కట్టి ఒడ్డుకి లాక్కొచ్చాడు. ఆ రాత్రే పిన్నమ్మ "పడవన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి" అనేసింది.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేరులో తప్పులు వెతకడం. వచ్చి పోయే తప్పుని ముందు కావాలని రప్పించగలగాలి, తర్వాత ఒకసారికి ఒకటే మార్చాలి. తాళం పదిసార్లు తిప్పి రాసుకున్నా, ఏడుసార్లు టక్. రిచ్చీ స్ట్రీట్‌లో కొన్న మల్టీమీటరు పెట్టి చూశాను. ఊరికే ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టులు, అంటే నిండుగా ఉంది. తాళం తిప్పినప్పుడు బ్యాటరీ దగ్గర 11.6, స్టార్టర్ దగ్గర 7.1. మధ్యలో నాలుగున్నర వోల్టులు ఎవరో తినేస్తున్నారు. ప్లస్ తీగ మీద 0.4 మాత్రమే పోతోంది. మిగతా 4.1 అంతా మైనస్ తీగ మీదే.

"తీగ బాగుందిరా, మెకానిక్ మీటరు పెడితే బీప్ అంది కదా" అన్నాడు చిన్నాయన. అక్కడే ఉంది కిటుకు. బడిలో కన్నడంలో 'రోధ' అని నేర్చుకున్నాను, తెలుగులో నిరోధం అంటారట. ఆ తీగ నిరోధం 0.04 ఓములు అనుకోండి. మీటరుకి అది సున్నా కిందే లెక్క, బీప్ అంటుంది. లైటుకి రెండు ఆంపియర్లు చాలు, 0.08 వోల్టు పోతే ఎవరికి తెలుస్తుంది? స్టార్టర్‌కి వంద ఆంపియర్లు కావాలి, అప్పుడు నాలుగు వోల్టులు హరీ. బరువు ఎత్తించకుండా మనిషి బలం చెప్పలేం.

తీగ తొడుగు కోసి చూస్తే జానెడు మేర లోపలంతా నలుపు, పచ్చటి చిలుము. వత్తి నూనె పీల్చినట్టు ఉప్పునీళ్ళు పోగుల మధ్యనుంచి లోపలికి పాకాయి. ఎవరో ఇంటి వైరింగుకి వాడే మామూలు రాగి తీగ వేశారు. పడవకి కళాయి పూసిన రాగి తీగ వేయాలి. జేజమ్మ ఇత్తడి గిన్నెలకి కళాయి వేయించేది గుర్తుందా, అదే.

నన్ను ఎక్కువ భయపెట్టింది మాత్రం పంపు. అడుగున చేరిన నీళ్ళు తోడే పంపుని మెయిన్ స్విచ్ తర్వాత కలిపారు. స్విచ్ ఆపి ఇంటికొస్తే పంపు కూడా చచ్చినట్టే, కార్తీకం వానలకి పడవ అక్కడే మునుగుతుంది. పైగా ఫ్యూజు బదులు సిగరెట్ పెట్టె వెండి కాగితం! చేతికందే దూరంలో పెట్రోలు ట్యాంకు. పంపుని నేరుగా బ్యాటరీకి కలిపి, బ్యాటరీ పక్కనే దానికి వేరే ఫ్యూజు పెట్టాం.

ముట్టుకాడు నీళ్ళు బకింగ్‌హామ్ కాలువలో కలుస్తాయి. 1806లో మొదలైన ఆ కాలువని 1878లో అడయారుకీ కూవానికీ మధ్య కలిపారు. మన ముత్తాత నెల్లూరు వైపునుంచి మద్రాసుకి వచ్చింది ఆ కాలువ పడవలోనే అని జేజమ్మ చెప్పేది. వాళ్ళకి గడకర్ర, తాడు, తెరచాప. తీగల బాధ లేదు.

కొత్త తీగ వేశాక మైనస్ వైపు 0.2 వోల్టే పోతోంది. అయినా పిన్నమ్మ షరతు పెట్టింది: తెడ్లు, లైఫ్ జాకెట్లు ఉండాలి, ఇరవైసార్లు ఆగకుండా తిరిగొచ్చాకే మనవళ్ళు ఎక్కాలి. ఇప్పటికి పదకొండు అయ్యాయి.