తొమ్మిదో తరగతి సీటు

పిల్లల చదువును గురించి నిర్ణయించవలసి వచ్చినప్పుడు మన ఇళ్ళలో తరచుగా రెండు మాటలు వినిపిస్తాయి. "మంచి అవకాశం, చేజార్చుకోవద్దు" అన్నది ఒకటి. "మరి దీన్ సంగతి ఏమిటి?" అన్నది రెండవది. ఈ రెండింటిలో ఏదీ తోసిపుచ్చదగినది కాదు. ఈ ఏడాది ఆ రెండు మాటలూ మా ఇంట్లోనే వినిపించాయి.

మా చిన్నమ్మాయి ఆదోనిలోని పురపాలక ఉన్నత పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువుతూ, నవోదయ విద్యాలయంలో తొమ్మిదవ తరగతి ప్రవేశానికి పరీక్ష రాసింది. నవోదయలో ప్రధానమైన ప్రవేశం ఆరవ తరగతిలోనే జరుగుతుంది. తొమ్మిదవ తరగతిలో ఖాళీగా ఉన్న కొద్ది సీట్లనే భర్తీ చేస్తారు. గణితానికి 35, విజ్ఞాన శాస్త్రానికి 35, ఇంగ్లీషుకు 15, హిందీకి 15, మొత్తం 100 మార్కులు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్ల కనుక హిందీకి భయపడలేదు. అల్లాహ్ దయవల్ల ఎమ్మిగనూరు సమీపంలోని బనవాసి విద్యాలయంలో సీటు వచ్చింది. అక్కడ వసతి, భోజనం, పుస్తకాలు ఉచితం. బాలికల నుండి నెలవారీ రుసుము కూడా తీసుకోరు.

అమ్మాయి తల్లి సంతోషించింది. మా అమ్మ మాత్రం మౌనంగా ఉండిపోయింది. ఆ మౌనానికి అర్థం నాకు తెలుసు. మూడేళ్ళుగా ఆ పిల్ల ఫజ్ర్ నమాజు తర్వాత నా ఎదుట కూర్చుని ఆరు పారాలు కంఠస్థం చేసింది. కంఠస్థమైన ఖుర్ఆన్ కట్టి ఉంచిన ఒంటె వంటిదనీ, కనిపెట్టి ఉండకపోతే తప్పించుకుపోతుందనీ దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. ఇల్లు దాటిన పిల్లకు ఆ కాపలా ఎవరు కాస్తారు?

బిడ్డ చేత పాలు మాన్పించే విషయంలో కూడా తల్లిదండ్రులు పరస్పర అంగీకారంతో, సంప్రదింపుతో నిర్ణయించుకోవాలని బఖరా సూరా బోధిస్తోంది. పాలు మాన్పించడానికే సంప్రదింపు కావాలంటే, పదమూడేళ్ళ పిల్లను ఇంటి నుండి పంపడానికి ఎంత సంప్రదింపు కావాలి! అయితే మష్వరా అంటే మన మాటకు తల ఊపేవారిని పోగుచేయడం కాదు, విషయం ఎరిగినవారిని అడగడం. అందుకని అదే విద్యాలయంలో పదవ తరగతి చదువుతున్న ఒక ముస్లిం బాలిక ఇంటికి వెళ్ళాము. నిద్ర లేచే వేళ, వ్యాయామం వేళ, నమాజు ఎక్కడ చేసేదీ ఆ పిల్లే వివరించింది. మాంసం విషయంలో సందేహం కలిగిన రోజు కూర, పెరుగుతో సరిపెట్టుకుంటుందట. "మొదటి నెల చాలా కష్టం" అని కూడా దాచకుండా చెప్పింది. ఆ మాటతోనే ఆమె మీద నాకు నమ్మకం కుదిరింది.

తర్వాత మా అమ్మాయినే అడిగాను, ఎందుకు వెళ్ళాలనుకుంటున్నావని. "అబ్బా, ఇక్కడ సరిగా చదవకపోయినా నాకే మొదటి ర్యాంకు వస్తోంది. నిజంగా నేర్చుకుంటున్నానో లేదో నాకే తెలియడం లేదు" అంది. అక్కడ ముప్పయ్యవ స్థానం వస్తే ఏం చేస్తావని అడిగాను. కొంతసేపు ఆలోచించి, "ఏడుస్తాను. తర్వాత చదువుకుంటాను" అంది. ఆ జవాబులో గర్వం లేదు, పొరుగువారితో పోటీ లేదు.

ఆ తర్వాత ఆమె నన్ను ఒక ప్రశ్న అడిగింది: "ఫజ్ర్‌కు అక్కడ నన్ను ఎవరు లేపుతారు?" అసలు విషయం అక్కడే ఉంది. ఇంట్లో పిల్లల నమాజు అనేకసార్లు తల్లి పిలుపు మీద నిలబడి ఉంటుంది. ఆ పిలుపు ఆగిన రోజున కూడా నిలిచేదే పిల్ల సొంత నమాజు. ఆ రోజు నుండి తల్లి లేపడం మానింది. దిండు పక్కన అలారం గడియారం పెట్టుకుంది. మొదటి వారంలో రెండు రోజులు తప్పిపోయి ఖజా చేసుకుంది. నెల తిరిగేసరికి మా అమ్మ లేవకముందే వజూ నీళ్ళ చప్పుడు వినిపించసాగింది.

లౌకిక విద్యకూ ఖుర్ఆన్‌కూ మధ్య వైరం ఉన్నదని కొందరు భావిస్తారు. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)ను గుర్తుచేసుకోండి. ప్రవక్త (సఅసం) ఆదేశంపై ఆయన యౌవనంలోనే యూదుల లిపిని నేర్చుకున్నారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖిలాఫత్ కాలంలో దివ్య ఖుర్ఆన్‌ను ఒకచోట చేర్చే మహత్కార్యం ఆయనకే అప్పగించబడింది. పరుల లిపి నేర్చిన ఆ యువకుడు ఖుర్ఆన్‌కు దూరం కాలేదు.

ఇక ఇస్తిఖారా విషయం. కలలో పచ్చరంగో తెల్లరంగో కనిపించాలని ఎదురుచూసేవారు మనలో ఎందరో ఉన్నారు. ఇస్తిఖారాకు కల షరతు కాదు. రెండు రకాతుల నఫిల్ చేసి, ఇందులో మేలుంటే సులభం చేయమనీ, కీడుంటే మళ్ళించమనీ అల్లాహ్‌ను వేడుకొని, బుద్ధికి తోచిన మార్గంలో అడుగు వేయాలి. మేమూ అదే చేశాము. అమ్మాయిని పంపాలని నిర్ణయించుకున్నాము. ఆరు పారాలను రోజుకు అర పారా చొప్పున సున్నత్, నఫిల్ నమాజులలో చదువుకుంటుంది. తల్లిదండ్రులను అనుమతించే రోజున నేను వెళ్ళి వింటాను. కొత్త పారా మొదలుపెట్టడం సెలవుల్లోనే. మా అమ్మ కూడా చివరకు ఒప్పుకుని, జానమాజు తానే కుట్టి ఇచ్చింది.

అందరి ఇళ్ళకూ ఇదే జవాబు సరిపోతుందని నేను అనను. తండ్రి ప్రతిష్ఠ కోసం వెళ్ళే పిల్లకు, ఇంటిని వదిలి ఉండలేక కుమిలిపోయే పిల్లకు, ఉన్న ఊరి బడే మేలు. అక్కడ చదివినవారూ ఎదిగారు. సీటు అల్లాహ్ ఇచ్చిన అనుగ్రహమే, అది అమానతు కూడా. దానిని స్వీకరించినా, వదులుకున్నా, పిల్ల మనసు విని, పెద్దల మాట విని, అల్లాహ్‌ను అడిగిన తర్వాతే ఆ పని చేయండి. నిర్ణయించుకున్నాక ఆయనపై భారం వేయండి. అల్లాహ్ మన పిల్లలందరికీ ప్రయోజనకరమైన విద్యను ప్రసాదించుగాక! ఆమీన్.