అరువు నీళ్ల మీద వసంతం

ఫిబ్రవరి చివరి వారంలో ఆగ్రా నుంచి భరత్‌పూర్ వెళ్లే దారంతా ఆవ చేలే. పసుపు పూత చాలావరకు రాలిపోయి, మొక్కలు కాయ బరువుకు వాలి ఉంటాయి. తెల్లవారుజామున వణికించే చలి. పది దాటితే మాత్రం స్వెట్టర్ విప్పి చేత పట్టుకోవాల్సిందే. ఇక్కడ వసంతం ముందు తెలిసేది ఒంటికే.

కేవలాదేవ్ జాతీయ పార్కు వైశాల్యం 29 చదరపు కిలోమీటర్లకు మించదు. లోపల తిప్పి చూపించేది రిక్షావాలాలు. పక్షుల పేర్లు హిందీలోనూ ఇంగ్లిష్‌లోనూ ఒప్పజెప్పగలరు. మేమెక్కిన రిక్షా అతను ఏమీ చెప్పకుండానే ఓ చోట ఆగాడు. ముళ్లపంది బొరియ ముందు కొండచిలువ ఎండ కాగుతోంది. చలికాలమంతా అవి బొరియల్లో తలదాచుకుంటాయి. అవతల పచ్చిక మీద తల వెనుక రెండు నల్ల చారలున్న బాతులు గుంపుగా మేస్తున్నాయి. మార్చిలో ఇవి హిమాలయాల మీదుగా టిబెట్ వైపు వెళ్లిపోతాయి. ఇప్పుడు వాటికి తిండి తప్ప మరో ధ్యాస లేదు. తుమ్మ చెట్ల మీద ఎర్రకాళ్ల కొంగల గూళ్లు దాదాపు ఖాళీ. ఆలస్యంగా పుట్టిన పిల్లలు కొన్ని కొమ్మ అంచున రెక్కలు ఆడిస్తూ తటపటాయిస్తున్నాయి. సారస్ జంట మాత్రం ఎక్కడికీ పోదు. తలలు పైకెత్తి అవి ఒక్కసారిగా కూస్తే ఆ మోత చాలా దూరం వినిపిస్తుంది.

చూస్తే అంతా ప్రకృతి సిద్ధమనిపిస్తుంది. కానీ ఈ చిత్తడి నేల మనిషి చేసింది. భరత్‌పూర్ రాజులు కట్టించిన అజాన్ కట్ట నుంచి నీళ్లు మళ్లించి, బాతుల వేట కోసం పెంచినది. గుడి దగ్గరున్న శిలాఫలకాలపై ఆ వేటల లెక్కలున్నాయి. 1938 నవంబర్ 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం ఒక్కరోజులో కూల్చిన పక్షులు 4,273. ఈ లెక్కను గర్వంగా రాతిపై చెక్కించారు.

వేట ఆగిపోయాక తగాదా మేత మీదికి మళ్లింది. 1982లో పార్కులో పశువుల మేతను నిషేధించినప్పుడు చుట్టుపక్కల ఊళ్లవారు తిరగబడ్డారు. పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. తర్వాత బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ అధ్యయనం తేల్చిందేమిటంటే, గేదెలు పోవడంతో గడ్డి విపరీతంగా పెరిగి నీటిని కమ్మేసింది, పక్షులకే నష్టం జరిగింది. ప్రజలను శత్రువులుగా చూసిన అటవీ విధానానికి ఇంతకంటే చేదు ఉదాహరణ దొరకదు.

ఆపై నీళ్ల తగాదా. పార్కుకు ఏటా కావాల్సింది సుమారు 55 కోట్ల ఘనపుటడుగుల నీరు. అది గంభీర్ నది నుంచి రావాలి. ఎగువన కరౌలీ జిల్లాలో పాంచనా ఆనకట్ట ఉంది. 2004లో రైతుల ఒత్తిడికి తలొగ్గి ప్రభుత్వం పార్కుకు నీళ్లు ఆపేసింది. చెరువులు నెర్రెలు విచ్చాయి. అంతకు ముందే, 2001-02 శీతాకాలంలో ఇక్కడికొచ్చిన సైబీరియా కొంగల చివరి జంట మళ్లీ రాలేదు. వాటికి దారిలో ఎదురైన వేట, ఆవాసాల నష్టం కూడా అందుకు కారణాలే కాబట్టి నెపమంతా నీళ్ల మీద వేయలేం.

కరౌలీ రైతును తప్పుపట్టడం తేలిక. వానలు సరిగా పడని ప్రాంతంలో పంట ఎండిపోతుంటే పక్షుల కోసం నీళ్లొదలమని ఎవరైనా ఎలా ఒప్పిస్తారు? ప్రభుత్వం చివరికి పట్టుకున్న దారి వేరే. గోవర్ధన్ డ్రెయిన్ నుంచి, చంబల్ నుంచి గొట్టాల్లో నీళ్లు తెచ్చింది. గొట్టపు నీళ్లలో వరద నీటితో పాటు వచ్చే చేప పిల్లలుండవు. ఎర్రకాళ్ల కొంగల పిల్లలు బతికేది ఆ చేపల మీదే.

చూడదలచినవారు మార్చి రెండో వారం దాటకుండా వెళ్లడం మంచిది. బయల్దేరే ముందు, గడిచిన వానాకాలంలో పార్కుకు ఎన్ని నీళ్లొచ్చాయో కనుక్కోవాలి. నీళ్లు రాని ఏడు అక్కడ మిగిలేది మనుబోతులు, నెమళ్లు, ఎండిన తుమ్మ కొమ్మలు.