కరివేపాకు పుట్టిల్లు

కోనసీమ మీద కలం పట్టిన వాళ్ళందరూ కొబ్బరిచెట్టు దగ్గరే మొదలుపెడతారు. నేను కరివేపాకు మొక్క దగ్గర మొదలుపెడుతున్నాను, పాఠకులు మన్నించాలి. కొబ్బరిచెట్టుకు కవుల కొరత లేదు. కరివేపాకు సంగతి అలా కాదు. చారులో వాసన ఉన్నంతసేపే దానికి గౌరవం. విస్తరిలోకి వచ్చేసరికి పక్కకు తీసి పారేస్తాం. అవసరం తీరగానే మరిచిపోయిన మనిషిని కూడా 'కూరలో కరివేపాకు' అనే అంటాం. అటువంటి కరివేపాకును ఒక ప్రాణి తన పుట్టిల్లుగా ఎంచుకున్నదనీ, ఆ పుట్టింటి మర్యాదలన్నీ దగ్గరుండి జరిపించే దంపతులు అంబాజీపేట దగ్గర ఒక పల్లెలో ఉన్నారనీ నాకీమధ్యనే తెలిసింది.

అమలాపురంలో ఒక సాహిత్య సభ ఉంటే వెళ్ళాను. రాజమండ్రిలో బస్సెక్కితే జొన్నాడ దాటగానే గౌతమి వంతెన, అవతలి ఒడ్డున రావులపాలెం. అక్కడి నుంచి కొత్తపేట మీదుగా కాలువలు, అరటి తోటలు, కొబ్బరి తోటలు ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి. 2022లో అమలాపురం జిల్లా కేంద్రమైంది గాని, బస్సు కిటికీలోంచి చూసేవాడికి కోనసీమ ఇంకా ఒకే ఒక పెద్ద తోటలాగే కనిపిస్తుంది. సభ ముగిశాక నా మిత్రుడొకాయన, "మా మావయ్యగారింటికి పోదాం రండి, సీతాకోకచిలుకల్ని చూపిస్తాను" అన్నాడు. చిలుకల్ని చూడడానికి ఊరికి పోవడమేమిటని నవ్వుకుంటూనే బయలుదేరాను.

పెద్దాయన అంబాజీపేట కొబ్బరి మార్కెట్టులో ఒక వర్తకుని దగ్గర చాలాకాలం గుమాస్తాగా పద్దులు రాసి విశ్రాంతి తీసుకున్నవారు. పేర్లు రాయవద్దని ఇద్దరూ మరీ మరీ చెప్పారు గనుక బాబాయిగారు, పిన్నిగారు అనే అంటాను. 1996 నవంబరు 6 నాటి తుపానులో వారి పెరట్లోని కొబ్బరిచెట్లు చాలావరకు కూలిపోయాయి. ఆ రాత్రి సంగతి కోనసీమలో ఎవరినడిగినా చెబుతారు. వందల కొద్దీ ప్రాణాలు తీసి, లక్షల కొబ్బరిచెట్లను నేలకూల్చిన తుపాను అది. కూలిన చోట వీరు మళ్ళీ కొబ్బరి వేయలేదు. ఎన్నడూ లేనిది పెరట్లో ఎండ పడింది. పిన్నిగారు నిమ్మ, కరివేపాకు, సీతాఫలం, మందారం, గన్నేరు నాటారు. సీతాకోకచిలుక ఒంట్లో సొంత వేడి తక్కువ. ఎండ కాగితేగాని రెక్కలాడవు. అలా చెట్లు పోయిన చోటికి చిలుకలు వచ్చాయి.

"మొదట్లో నాకూ తెలియదు బాబూ," అన్నారు పిన్నిగారు. "కరివేపాకు రెమ్మలన్నీ ఈనెలు మిగిలిపోతుంటే పొయ్యిలో బూడిద తెచ్చి చల్లబోయాను. మీ బాబాయిగారు రెండు రోజులు ఆగమన్నారు. ఆ రెండు రోజులూ ఇప్పటికీ పూర్తి కాలేదు!"

తల్లి చిలుక లేత ఆకు మీద ఆవగింజంత లేతపసుపు గుడ్డు పెట్టిపోతుంది. మూడు నాలుగు రోజులకు పురుగు బయటికి వస్తుంది. చిన్నతనంలో దాని వేషం అచ్చంగా పిట్టరెట్ట. రెట్టను ఏ పిట్టా ముట్టదు గదా! ఎదిగాక ఆకుపచ్చగా ఆకులో ఆకైపోతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి రెండు కొమ్ములు బయటికి చాపి ఘాటైన వాసన కొడుతుంది. రెండు మూడు వారాలు తినడమే పని. ఆపైన ఒక పుల్లకు తోక అంటించి, నడుముకు పట్టుదారపు మొలతాడు ఒకటి కట్టుకుని, తిండి మానేసి, ప్యూపాగా మారిపోతుంది. పుల్ల పచ్చనిదైతే పచ్చగా, ఎండుదైతే గోధుమ రంగుగా ఉంటుంది. పది రోజులు కావస్తుండగా పొర చిట్లి, ముడుతలు పడ్డ తడి రెక్కలతో చిలుక బయటపడుతుంది.

వెదురు బుట్టకు దోమతెర గుడ్డ చుట్టి అందులో పెంచుతారు వీరు. నీళ్ళ సీసాలో కరివేపాకు రెమ్మ గుచ్చి, పురుగు నీళ్ళలో పడకుండా సీసా మూతికి దూది కూరుతారు. రోజూ పొద్దున్నే పెంటికలు దులిపి ఆకు మార్చడం పిన్నిగారి పని. పద్దు రాయడం బాబాయిగారి పని. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? గుడ్లు జమ, ఎగిరిపోయినవి ఖర్చు, చీమలకూ కందిరీగలకూ పోయినవి తరుగు.

ఆ తరుగులో ఒక చిత్రముంది. అప్పుడే కట్టిన ప్యూపా మీద కంటికి ఆననంత చిన్న కందిరీగ గుడ్లు పెడుతుంది. చిలుక కోసం చూస్తూ కూర్చుంటే చిన్న కన్నం పడి ఆ కందిరీగలే బిలబిలమంటూ బయటికి వస్తాయి. ఇటువంటి వాటిని రైతులు బదనికలంటారు. అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానంలో కొబ్బరి నల్లతల పురుగును చంపడానికి బదనికలను పనిగట్టుకుని పెంచి తోటల్లో వదులుతారు. పురుగును చంపే ఈగను పెంచేవారూ, పురుగును పెంచేవారూ ఒక్క చోటే ఉన్నారన్నమాట! ఈగల మీద బాబాయిగారికి కోపం లేదు. "వాటి వాటా వాటిది. మందు కొట్టకుండా పని జరుగుతోంది గదా," అన్నారు.

మందు మాట రాగానే పిన్నిగారి ముఖం మారింది. ఒక ఏడు వానాకాలంలో ఇంటి కరివేపాకు మోడైపోతే బజారులో కట్ట కొని, రెండుసార్లు కడిగి వేశారట. తెల్లవారేసరికి బుట్టలోని పురుగులన్నీ నల్లబడి రాలి ఉన్నాయి. ఆ రోజు పద్దులో తరుగని రాయడానికి బాబాయిగారికి చెయ్యి రాలేదు. తేదీ వేసి 'మావల్ల' అని మాత్రం రాసుకున్నారు.

"పురుగులు పోయాయని ఏడ్చాను, నిజమే. కాని బాబూ, ఆ కట్టలో సగం అప్పటికే చారులో వేసుకుని తాగాం," అన్నారు పిన్నిగారు.

నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను.

కష్టమంతా బయటినుంచే వచ్చిందనుకోవద్దు. పక్కవారిది నిమ్మ, కరివేపాకు నారుమడి. అది వారి జీవనాధారం. నాలుగు పురుగులు పడితే లేత నిమ్మ మొక్క ఒక్క వారంలో పుల్లగా మిగులుతుంది. "మీరు ముచ్చటకు వదిలినవి నా నారు తింటున్నాయండి," అని ఆయన గోడ దగ్గరికి వచ్చి నిలదీశాడు. ఆయన మాట అబద్ధం కాదు. మూడు రోజులు ఇరుపక్కలా మాటలు లేవు. నాలుగోనాడు పిన్నిగారే వెళ్ళి, "అబ్బాయ్, నీ మడిలో పురుగులు నేను ఏరుకుంటాను. గోడవైపు వరసలకు మాత్రం మందు కొట్టకు," అని బేరం పెట్టారు. కూలి లేకుండా పురుగు పోతుందంటే కాదనేదెవరు? ఇప్పుడాయనే పొద్దున్నే కొబ్బరిచిప్పలో పురుగులు వేసుకొచ్చి, "ఆయ్, మీ వాళ్ళండి," అని గోడ మీద పెట్టిపోతాడు.

పంటతో తగువు లేని చిలుకలూ ఉన్నాయి. జిల్లేడు తిని పెరిగేదాని ఒంట్లో ఆ పాల విషమే చేరుతుంది. ఒకసారి నోటపెట్టిన పిట్ట వాంతి చేసుకుని మళ్ళీ దాని జోలికి పోదు. గన్నేరు ఆకు కింద వేలాడే నల్లచిలుక ప్యూపా మెరుగుపెట్టిన వెండి లోలాకులా ఉంది. సీతాఫలం మీద పెరిగేది ఆకుపచ్చ మచ్చలతో క్షణం నిలవకుండా ఎగిరేది. గాడిదగడప జాతి మొక్కలు తినే ఎర్ర ఒంటి చిలుక కూడా విషపుదే. దీనికో తమాషా జత ఉంది. కరివేపాకు మీద పుట్టే ఒక నల్లచిలుకలో ఆడవి మూడు రకాలు. ఒక రకం మగదానిలాగే ఉంటుంది. తక్కిన రెండూ విషపు చిలుకల వేషం వేసుకుంటాయి. ఒక మగడికి ఇన్ని రకాల భార్యలా అని ఇంగ్లీషువారు దానికి బహుభార్యలుండే అమెరికా మతస్థుల పేరు తగిలించి 'మార్మన్' అన్నారు. ఈ వేషాలన్నీ ఒక్క జన్యువు ఆడించే నాటకమని 2014లో తేలింది. ఆ పరిశోధన చేసినవారిలో మన దేశపు కృష్ణమేఘ్ కుంటే ఒకరు.

పురుగును పెంచి చూసిన వారు లోకంలో కొత్త కాదు. జర్మనీలో 1647లో పుట్టిన మరియా సిబిల్లా మేరియన్ అనే చిత్రకారిణి, పురుగులు బురదలోంచి పుడతాయని పెద్దలు కూడా నమ్ముతున్న రోజుల్లో, ఇంట్లో వాటిని పెంచి దశదశనూ బొమ్మ గీసింది. 1699లో, యాభై రెండో ఏట, కూతురును వెంటబెట్టుకుని ఓడలో దక్షిణ అమెరికాలోని సురినాముకు పోయింది. మన విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పరిశోధకులు కూడా ఇక్కడి చిలుకలను పెంచి వాటి జీవితచరిత్రలు రాసిపెట్టారు.

అమెరికాలో పెళ్ళిళ్ళలో అక్షతలకు బదులుగా చిలుకలను వదలడం ఒక వేడుక. కవర్లలో పెట్టి దూరప్రాంతాలకు పంపుతారు. గుంపుగా పెంచితే రోగాలు పుట్టి బయటి చిలుకలకు అంటుకుంటాయని శాస్త్రజ్ఞుల అభ్యంతరం. ఆ సంగతి చెబితే పిన్నిగారు తల ఊపారు. "అందుకే బుట్టలో నాలుగైదింటికి మించి ఉంచం. అయినా నేను వదిలే నాలుగింటితో లోకం నిండుతుందా? పెరట్లో ఆకు ఉంచితే అవే వస్తాయి. బుట్ట మా సరదాకి. మొక్క వాటి కోసం."

ఆ మధ్యాహ్నం ఒక చిలుక బయటపడింది. గంటసేపు తలకిందులుగా వేలాడి, ఒంట్లోని ద్రవం రెక్కల ఈనెల్లోకి ఎక్కించుకుంది. ముడుతలు విడిపోయి, పసుపు మచ్చల నల్లకోక ఒకటి పరుచుకుంది. ఆ దగ్గరలోనే బండారులంక మగ్గాల మీద కోకలు నేస్తారు. ఇంత తొందరగా మడత విప్పిన కోకను ఆ నేతగాళ్ళు కూడా చూసి ఉండరు. తెలుగువాళ్ళు ఈ ప్రాణికి సీతనూ, కోకనూ, చిలుకనూ కలిపి పేరెందుకు పెట్టారో ఎం.ఏ.లో ఎవరూ చెప్పలేదు నాకు. అప్పుడు తెలిసింది.

పిన్నిగారు దోమతెర తొలగించారు. చిలుక రెండుసార్లు రెక్కలు విప్పి ముడిచి, గోడ దాటి నేరుగా నారుమడిలోకి పోయింది. బాబాయిగారు కళ్ళజోడు సవరించుకుని పద్దులో 'ఖర్చు ఒకటి' అని రాసుకున్నారు.

మీ పెరట్లోనో, మేడమీద కుండీలోనో కరివేపాకు ఉండే ఉంటుంది. రేపు కోసేటప్పుడు ఆకు వెనక్కి తిప్పి చూడండి. పిట్టరెట్టలాంటిది కదిలితే, ఆ ఒక్క రెమ్మ చారుకు వాడకండి.