ఉదయగిరి చెక్క చెంచా

ఉదయగిరి అనగానే అందరికీ కోట, దాన్ని 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న కృష్ణదేవరాయలు గుర్తొస్తారు. నాకు మాత్రం ముందు ఆ ఊరి చెక్క చెంచాలే. చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, బిక్కి చెక్కను చెక్కి, ఆకురాయి పట్టి, నునుపు తేల్చి, కాడ మీద సన్నని నగిషీ దింపుతారు. ఆ చేతులు ఎక్కువగా ముస్లిం ఇళ్ల ఆడవాళ్లవి. ఈ చెంచాలకు భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, సంతోషమే. అయినా చెక్క దొరకడం కష్టమై, స్టీలూ ప్లాస్టిక్కూ చవకై, పిల్లలు ఈ పనికి రాకపోతే ఆ గుర్తింపు ఎవరికి? ఏ చెక్క ఎంత ఆరితే పగలదో ఆ ఆడవాళ్లకే తెలుసు, పుస్తకాల్లో వెతికితే దొరకదు. ఆత్మకూరు, ఉదయగిరి కాలేజీ పిల్లలారా, సెలవుల్లో ఆ ఇళ్లకు వెళ్లండి. పని వీడియో తీయండి, వాళ్ల మాటల్లోనే రాసుకోండి. వచ్చేటప్పుడు బేరమాడకుండా రెండు చెంచాలు కొనండి.