సూది వేయని డాక్టరమ్మ

మలావీ పల్లెల్లో రెండేళ్లపాటు ఉండే విదేశీ ఆరోగ్య కార్యకర్తకు మందుల పెట్టె ఉండదు, స్టెతస్కోపు ఉండదు. ఉండేవల్లా ఒక సైకిలు, ఒక నోటు పుస్తకం, వచ్చీరాని చిచేవా భాష. అయినా ఆమె కోసం ఊరు ఎదురుచూస్తుంది.

లిలాంగ్వే నుంచి బ్లాన్‌టైర్ వైపు దక్షిణంగా వెళ్లే ఎం-1 రహదారి మీద దెద్జా పట్టణం దాటాక ఒక విచిత్రం కనిపిస్తుంది. కొంత మేర ఆ రోడ్డే రెండు దేశాలకు సరిహద్దు. ఎడమవైపు ఇళ్లు మలావీవి, కుడివైపువి మొజాంబిక్‌వి. బంగాళాదుంపలను గోపురాల్లా పేర్చి అమ్ముకునే ఆడవాళ్లకు ఈ తేడా పట్టదు. బేరం కుదిరితే చాలు. ఇక్కడ తారు రోడ్డు దిగి ఎర్రమట్టి బాట పట్టాలంటే 'మటోలా' ఎక్కాలి. మొక్కజొన్న బస్తాలు, కోళ్లు, ఒకటి రెండు మేకలు, వాటి మీదా మధ్యా మనుషులు కలిసి ప్రయాణించే పికప్ వ్యాన్‌కు ఆ పేరు. అది దొరకకపోతే అద్దె సైకిల్ వెనక సీటే గతి.

బాట చివర ఊరు. కాల్చిన ఇటుకల గోడలు, గడ్డి కప్పులు, కాస్త ఉన్నవాళ్లకు రేకులు, ఆ రేకులు గాలికి లేవకుండా పైన ఇటుకలు. చుట్టూ మొక్కజొన్న చేలు. రెండు కోట్లకు పైగా జనాభా ఉన్న మలావీలో ప్రతి ఐదుగురిలో నలుగురు ఇలాంటి ఊళ్లలోనే ఉంటారు. పల్లెల్లో కరెంటున్న ఇళ్లు నూటికి పది కూడా లేవు. దేశానికి 'ఆఫ్రికా వెచ్చని హృదయం' అని పర్యాటక శాఖ పెట్టిన పేరు మాత్రం అతిశయోక్తి కాదని రెండు రోజులు ఉన్నవారెవరైనా ఒప్పుకుంటారు.

ఇలాంటి ఊళ్లకు విదేశీ కార్యకర్తలు రావడం ఆరు దశాబ్దాల నాటి ఆనవాయితీ. కెనడీ 1961లో ప్రారంభించిన అమెరికా పీస్ కోర్ కార్యకర్తలు 1963లో, మలావీకి స్వాతంత్య్రం రావడానికి ఏడాది ముందే ఇక్కడ అడుగుపెట్టారు. భారతదేశానికీ ఈ కథ కొత్త కాదు. 1961 నుంచి 1976 వరకు నాలుగు వేలమందికి పైగా పీస్ కోర్ కార్యకర్తలు మన దేశంలో పనిచేశారు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్ తల్లి లిలియన్ 68 ఏళ్ల వయసులో నర్సుగా బొంబాయి శివార్లలోని విఖ్రోలీకి వచ్చి, దాదాపు రెండేళ్లు పనిచేసింది ఈ పథకం కిందే.

మలావీకి వచ్చేవారిలో ఎక్కువమంది పాతికేళ్లు నిండీ నిండని పట్టభద్రులు. మూడు నెలల శిక్షణ, రెండేళ్ల ఉద్యోగం, ఊళ్లో బతకడానికి సరిపడా భత్యం. వీరిలో చాలామంది డాక్టర్లు కారు, నర్సులూ కారు. సూది వేయకూడదు, పురుడు పోయకూడదు, మందు రాయకూడదు. ఈ సంగతి ఊరికి అర్థమయ్యేలా చెప్పడానికే నెలలు పడుతుంది. ఆసుపత్రి మనుషులతో కలిసి తిరిగే తెల్లమనిషి డాక్టరు కాకుండా ఎలా ఉంటుందని ఊరి అనుమానం. అందుకే ఎంత వద్దన్నా 'అదొకొటాలా' అనే పిలుస్తారు. అంటే డాక్టరు గారని.

ఊరు ఐదింటికే లేస్తుంది. కోడి కూతతో పాటు వినిపించేది వాకిళ్లు ఊడ్చే చీపుళ్ల చప్పుడు. ముగ్గులుండవు గానీ, మట్టి మీద చీపురు గీతలు వరసగా కనిపించకపోతే ఆ ఇల్లాలి గురించి ఇరుగుపొరుగు ఏదో ఒకటి అనుకుంటారు. కొత్తగా వచ్చిన కార్యకర్త మీద పడే మొదటి చూపూ వాకిలి మీదే. తర్వాత చేతిపంపు దగ్గర క్యూ. ఇరవై లీటర్ల బకెట్‌ను తల మీద పెట్టుకుని ఒక్క చుక్క ఒలకకుండా నడిచే పదేళ్ల ఆడపిల్లల మధ్య, సగం నీళ్లు బట్టల మీదే పోసుకుని ఇల్లు చేరే విదేశీయురాలు ఊరికి ఉచిత వినోదం. ఆ నవ్వుల్లో ఎగతాళి తక్కువ. మర్నాటికి బకెట్ ఎత్తిపెట్టడానికి ఎవరో ఒకరు సిద్ధంగా ఉంటారు.

స్నానం గడ్డి దడి చాటున, ఒక బకెట్ నీళ్లతో. మరుగుదొడ్డి ఇంటి వెనక గొయ్యి. వంట మూడు ఇటుకల పొయ్యి మీద, లేదా 'ంబౌలా' అనే బొగ్గుల కుంపటి మీద. తిండి రెండు పూటలా న్సిమా. మొక్కజొన్న పిండిని మరుగుతున్న నీటిలో పోసి, గరిటె తిరగనంత గట్టిపడే దాకా కలిపి, ముద్దలుగా తీస్తారు. రాయలసీమ మనిషికి చూడగానే సంగటి గుర్తొస్తుంది. నంజుకోవడానికి గుమ్మడి ఆకు కూర, చిక్కుళ్లు, సరస్సు నుంచి వచ్చే ఎండు చేపలు. కందులు కూడా పండిస్తారు, 'నందోలో' అంటారు. మన పప్పు గిన్నెతో మలావీకి బంధుత్వం ఉంది. ఏటా 50,000 టన్నుల కందులు కొనడానికి భారత్ 2021లో ఆ దేశంతో ఒప్పందం కుదుర్చుకుంది. మన పటాన్‌చెరు కేంద్రంగా పనిచేసే ఇక్రిశాట్‌కు లిలాంగ్వే దగ్గరి చితెద్జేలో పరిశోధన కేంద్రం ఉంది.

అన్నిటికన్నా ముందు నేర్వాల్సింది పలకరింపు. ఎవరింటికి వెళ్లినా తలుపు తట్టరు. గుమ్మం బయట నిలబడి "ఓది!" అని పిలవాలి. లోపలి నుంచి "ఓదీనీ!" అని వచ్చాకే అడుగు పెట్టాలి. పొద్దున అయితే "మ్వద్జుకా బ్వాంజీ?" అంటే ఎలా నిద్ర లేచారని, మధ్యాహ్నం దాటితే "మ్వాస్వేరా బ్వాంజీ?" అంటే పొద్దెలా గడిచిందని అడగాలి. జవాబు చెప్పి తిరిగి అడిగితే గానీ అసలు విషయం ఎత్తకూడదు. తెలుగులో నువ్వు, మీరు ఉన్నట్టే చిచేవాలో ఇవే, ఇను ఉన్నాయి. పెద్దావిడ 'అమయి', పెద్దాయన 'అబంబో', ముసలివారు 'అగోగో'. పేరు పెట్టి పిలవడం మర్యాద కాదు. తొందరలో నేరుగా పనిలోకి దిగే అమెరికా అలవాటు ఇక్కడ పొగరుగా కనిపిస్తుంది. కలరా గురించి ఎంత బాగా చెప్పినా, పలకరించకుండా చెప్పినవారి మాట ఎవరికీ చెవికెక్కదు.

అసలు పని మొదలయ్యేది ఆరోగ్య కేంద్రం దగ్గర, హెచ్‌ఎస్‌ఏ నీడలో. హెల్త్ సర్వేలెన్స్ అసిస్టెంట్ అనే ఈ ప్రభుత్వోద్యోగి మలావీ గ్రామీణ వైద్యానికి వెన్నెముక. 1960ల్లో మశూచి టీకాలు వేయడానికి, 1970ల్లో కలరాను అదుపు చేయడానికి నియమించిన వారి వారసుడే ఇతను. వెయ్యిమందికి ఒకరు ఉండాలన్నది లక్ష్యం. చాలాచోట్ల ఒక్కరే అంతకు రెట్టింపు జనాన్ని చూస్తారు. టీకా, బావిలో క్లోరిన్, ఇంటింటి సర్వే, గొయ్యి మరుగుదొడ్ల లెక్క అన్నీ ఇతనివే. 2008 నుంచి మారుమూల ఊళ్లలో ఐదేళ్లలోపు పిల్లల మలేరియా, విరేచనాలు, న్యుమోనియాలకు మందు ఇచ్చే పని కూడా వచ్చి చేరింది. మన ఆశా కార్యకర్తకు ఇచ్చేది ప్రోత్సాహకాలు. ఇతనికి నెల జీతం ఉంది. కష్టాల్లో మాత్రం ఇద్దరూ ఒకే తల్లి పిల్లలు.

అండర్ ఫైవ్ క్లినిక్ రోజున ఈ వ్యవస్థ ఎలా నడుస్తుందో చూడొచ్చు. చితెంజే గుడ్డతో బిడ్డను వీపుకు కట్టుకుని తల్లులు పొద్దున్నే బయల్దేరతారు. కొందరి నడక రెండు గంటలు. ముందు పాట. బిడ్డకు టీకా వేయించమని, నీళ్లు కాచి తాగమని పాడుతూ, చప్పట్లు కొడుతూ అడుగులు వేస్తారు. తర్వాత చెట్టు కొమ్మకు గానీ దూలానికి గానీ వేలాడదీసిన త్రాసు దగ్గర వరస. గుడ్డ లాగులో కూర్చోబెట్టి తగిలించగానే ప్రతి బిడ్డా గుక్కపట్టి ఏడుస్తుంది. ఆ ఏడుపుల మధ్య బరువు చదివి, 'హెల్త్ పాస్‌పోర్ట్' అనే చిన్న పుస్తకంలో చుక్క పెట్టడం విదేశీ కార్యకర్తకు దక్కే పని. చుక్కలు పైకి పోతుంటే మంచిది. అడ్డంగా పోతుంటే తల్లితో మాట్లాడాలి. కిందికి దిగితే జబ్బకు రంగుల టేపు చుట్టి చూడాలి. 11.5 సెంటీమీటర్ల లోపు ఎరుపు, అంటే ప్రమాదం.

ఎరుపు చుక్కలు డిసెంబరు నుంచి మార్చి దాకా పెరుగుతాయి. ఏప్రిల్‌లో ఇంటికొచ్చిన మొక్కజొన్న అప్పటికి అయిపోతుంది. చేలో పంట మోకాలెత్తునో నడుమెత్తునో ఉంటుంది. మలేరియా విజృంభించేదీ ఈ వానాకాలంలోనే. 2015-16 సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో 37 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరని తేలింది. ఈ ఆకలికి ప్రపంచానికే పనికొచ్చిన ఒక మందు మలావీలోనే రుజువైంది. వేరుశనగ ముద్ద, పాలపొడి, నూనె, చక్కెర, విటమిన్లు కలిపిన పేస్టును ఇంటికే ఇచ్చి, తీవ్రంగా చిక్కిపోయిన పిల్లల్ని ఆసుపత్రిలో పెట్టకుండానే కోలుకునేలా చేయవచ్చని 2001 తర్వాత ఇక్కడ జరిగిన ప్రయోగాలు చూపాయి. ఊళ్లో దాని పేరు 'చిపొందే', అంటే వేరుశనగ ముద్ద. అయితే చిక్కల్లా ఇంటికెళ్లాక వస్తుంది. ఇంట్లో నలుగురు పిల్లలుంటే ఒక్కడికే తీపి ముద్ద పెట్టి మిగతా ముగ్గుర్ని చూస్తూ ఉండమనడం ఏ తల్లికైనా కష్టమే. వారం తర్వాత బరువు పెరగలేదంటే కారణం అదే కావచ్చు. ఆ మాట తల్లిని నిందించకుండా అడగగలిగేది, ఆ ఇంట్లో కూర్చుని న్సిమా తిన్న మనిషే.

రాత్రుళ్లు ఇంకా కష్టం. నొప్పులు మొదలైన గర్భిణిని ఆసుపత్రికి చేర్చాలంటే సైకిలుకు కట్టిన బండో, ఎడ్ల బండో దిక్కు. వానాకాలంలో వాగు పొంగితే అదీ లేదు. అందుకే నెలలు నిండిన వారు ముందే వెళ్లి ఆసుపత్రి పక్కనున్న నిరీక్షణ గృహాల్లో ఉంటారు. తోడు వెళ్లిన బంధువు అక్కడే పొయ్యి రాజేసి వండి పెడుతుంది. న్చేవు జిల్లాలో క్వటైనే అనే సంప్రదాయ పెద్ద, తన ఏలుబడిలో ఏ తల్లీ పురిట్లో చనిపోకూడదని పట్టుబట్టి దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. ఇంట్లోనే పురుడు పోసుకుంటే మేకో కోడో జరిమానా వేసే పెద్దలూ ఉన్నారు. జరిమానా న్యాయమా అన్న చర్చ వేరు. పెద్దమనిషి నోటి నుంచి వచ్చిన ఒక్క మాట, పది పోస్టర్లు చేయలేని పని చేస్తుందని కార్యకర్తలు త్వరగానే తెలుసుకుంటారు.

అనుకున్న రోజున అనుకున్న సమావేశం జరగకపోవడానికి పెద్ద కారణం చావు. ఊళ్లో ఎవరు పోయినా పొలం పని, బడి, మీటింగు అన్నీ ఆగుతాయి. ఆడవాళ్లు ఇంట్లో శవం చుట్టూ, మగవాళ్లు బయట చెట్ల కింద కూర్చుంటారు. కొత్త మనిషి అయినా వెళ్లి నేల మీద మౌనంగా కూర్చోవాల్సిందే. రాకపోతే ఊరు గుర్తుపెట్టుకుంటుంది. ఎయిడ్స్ ఉధృతంగా ఉన్న రోజుల్లో ఇలా కూర్చోని వారం ఉండేది కాదు. 2000 ప్రాంతంలో మలావీ సగటు ఆయుర్దాయం 45 ఏళ్ల దరిదాపుల్లో ఉండేది. ఇప్పుడది 60 దాటింది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు అందరికీ హెచ్‌ఐవీ సోకిందని తేలిన వెంటనే జీవితాంతం మందు ఇవ్వాలని 2011లో ముందుగా నిర్ణయించింది ఈ పేద దేశమే. ఆ మందుల్లో అధికభాగం భారత్‌లో తయారైనవి. హైదరాబాద్ కంపెనీలకూ అందులో వాటా ఉంది. 2019 ఏప్రిల్‌లో తొలి మలేరియా టీకా కార్యక్రమం మొదలైందీ మలావీలోనే. ఆ టీకా తయారీని క్రమంగా హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌కు అప్పగించేందుకు 2021లో ఒప్పందం కుదిరింది.

మరి ఈ విజయాల్లో సైకిలు మీద తిరిగే విదేశీయుల వంతు ఎంత? విమర్శకులు కఠినంగానే అడుగుతారు. ఒక విదేశీయురాలిని తెచ్చి, శిక్షణ ఇచ్చి, రెండేళ్లు పోషించే డబ్బుతో ఎందరు స్థానికులకు జీతమివ్వవచ్చు? ప్రశ్న సబబైనదే. నర్సులు బ్రిటన్‌కు వలసపోయి ఆసుపత్రులు ఖాళీ అయిన రోజుల్లో, 2004లో మలావీ ప్రభుత్వం అత్యవసర పథకం పెట్టినప్పుడు విదేశీ డాక్టర్లను తాత్కాలికంగానే తెచ్చుకుంది. అసలు భారం సొంత సిబ్బంది జీతాలు 52 శాతం పెంచడం మీద, కొత్తవారికి శిక్షణ మీద పెట్టింది.

2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు ఈ ప్రశ్న మరింత పదునెక్కింది. ప్రపంచవ్యాప్తంగా 60కి పైగా దేశాల నుంచి దాదాపు 7,000 మంది కార్యకర్తలను పీస్ కోర్ కొద్ది రోజుల్లో వెనక్కి పిలిపించింది. చాలామందికి ఊరికి వీడ్కోలు చెప్పే వ్యవధి కూడా దొరకలేదు. హెచ్‌ఎస్‌ఏలు ఎక్కడికీ వెళ్లలేదు. 2022 మార్చిలో మొదలై 1,700 మందికి పైగా ప్రాణాలు తీసిన కలరాను, 2023 మార్చిలో దక్షిణ ప్రాంతాన్ని ముంచిన ఫ్రెడ్డీ తుపానును ఎదుర్కొన్నది వాళ్లే. కార్యకర్తల పునరాగమనం కూడా 2022లోనే, పొరుగున ఉన్న జాంబియాతో మొదలైంది.

2025లో దెబ్బ మరోవైపు నుంచి తగిలింది. అమెరికా విదేశీ సాయాన్ని జనవరిలో స్తంభింపజేసింది. ఆ సాయాన్ని నడిపించిన యూఎస్ ఎయిడ్ సంస్థ జూలై 1న మూతపడింది. మలావీ హెచ్‌ఐవీ కార్యక్రమానికి అతిపెద్ద దాత అమెరికాయే. పరీక్షలు చేసే వారు, మందులు మానేసిన వారిని ఇంటింటా వెతికే వారు ఎందరో పనులు కోల్పోయారు. కోవిడ్‌నాడు వెళ్లిపోయింది మనుషులైతే, ఈసారి డబ్బు. మాత్ర సీసా ఆరోగ్య కేంద్రంలోనే ఉండవచ్చు. అది అందాల్సిన మనిషి కొండ అవతలి ఊళ్లో ఉంటాడు. ఆ మధ్య దూరం నడిచే మనిషికి ఇప్పుడు జీతం లేదు.

విదేశీ కార్యకర్తల మేలూ కీడూ తేల్చాల్సింది ఈ దూరం దగ్గరే. ఊరి ఆడవాళ్లకు తూకం చదవడం, చుక్క పెట్టడం, టేపు చుట్టడం నేర్పి వెళ్లినవారి తర్వాత క్లినిక్ నడుస్తుంది. అన్నీ తన చేతి మీదే చేసుకున్న మనిషి విమానమెక్కిన వారానికే రిజిస్టరులో పేజీలు ఖాళీగా కనిపిస్తాయి. ఎరుపు టేపు పని మొదలయ్యేది డిసెంబరులో. రెండేళ్ల గడువు ఏ నెలలో ముగిసినా, ఆ నెలకల్లా ఊళ్లో దాన్ని చదవగలిగినవారు నలుగురైనా ఉండాలి.