మూడో గేరు

సెప్టెంబరు 19, 2025
కొలిమిగుండ్ల నుంచి నాపరాళ్ళ లోడు. దిగువలో మూడో గేరు టప్పున జారింది. ఇంజను ఊరికే అరుస్తోంది, వెనక నుంచి ట్రాలీ తోసుకొస్తోంది. మళ్ళీ వెయ్యబోతే గర్రుమంది గానీ పడలేదు. బ్రేకు మీద లేచి నిలబడ్డా. చింతచెట్టు దాటినాక ఆగింది. బండలు రెండు పగిలాయి. నోరెండిపోయింది. ఇంట్లో బండల సంగతి మాత్రం చెప్పా.

సెప్టెంబరు 21
నాయనను అడిగా, ఎప్పుడన్నా జారేదా అని. "నా చేతిలో యాడ జారిందిరా?" అన్నాడు. నిజమే. ఉగాదికి మోకాళ్ళ నొప్పులని దిగి, నన్నెక్కించాడు. అప్పటి నుంచే ఇది. బండి పాడైందా, నాకే చాతకాదా?

సెప్టెంబరు 24
నాయన మంచం మీద కాళ్ళు చాపుకుని నూనె రాసుకుంటున్నాడు. కుడి మోకాలి లోపలి పక్క నల్లగా కాయ కాచి ఉంది, పావలా బిళ్ళంత. చిన్నప్పటి నుంచీ ఉన్నదే. సీట్లో కూర్చుని చూసుకున్నా. గేరు రాడ్డు సరిగ్గా అక్కడికే తగులుతుంది.
ఎన్నేండ్ల నుంచో...

సెప్టెంబరు 26
షెడ్డు. తొంభై నంబరు ఆయిలు తట్టలోకి దిగుతుంటే ఎండకు మిలమిల. మెకానిక్ భాయ్ అయస్కాంతం ముంచి తీశాడు. దానికి మీసాలు మొలిచాయి.
పైమూత తీస్తే గోళీ, స్ప్రింగు. పాత స్ప్రింగును కొత్తదాని పక్కన నిలబెట్టాడు. గోరంత పొట్టి. అమ్మయ్య, ఇంతేనా అనుకున్నా. భాయ్ ఏమీ అనకుండా ఫోర్కు బయటికి లాగాడు. రెండు కొమ్ములూ ఒకే పక్క అరిగి, అంచు వేలికి కోసుకునేట్టుంది. గేరు పళ్ళ మొనలు అరగదీసిన సబ్బుబిళ్ళలే.
"రాడ్డు మీద ఎప్పుడూ ఒత్తిడి పెట్టి తోలినారప్పా. అట్ల పెడితే ఫోర్కు గేరుకు రాసుకుంటానే ఉంటాది. అరిగేకొద్దీ జారతాది. జారేకొద్దీ ఇంకా గట్టిగా పట్టాల."
వెల్డింగు పెట్టి సానబట్టు భాయ్, ఈ ఏడు గడుస్తుంది అన్నా. దిగువలో ట్రాలీ నీది, ప్రాణం నీది అన్నాడు.
నాయనతో స్ప్రింగు అరిగిందని చెప్పా.

సెప్టెంబరు 27
ప్రొద్దుటూరు. గేరు ఒక్కటే మారిస్తే పాతది కొత్తదాన్ని తినేస్తుందట, జతగా కొనాల్సిందే. 22 నుంచి ట్రాక్టరు స్పేర్ల మీద జీఎస్టీ 18 నుంచి 5కు దిగిందని పేపర్లో చదువుకుని పోయా. పాత స్టాకు అన్నాడు కొట్టాయన. పాత స్టాకు ఎప్పటికి అయిపోతుందో ఆ దేవుడికే తెలియాలి.

అక్టోబరు 1
ఆయుధపూజ. బండి షెడ్డులో పొట్ట తెరుచుకుని ఉంది. నాయన గొర్రుకు బొట్లు పెట్టాడు. బండి నిలబడే చోట, నూనె మరక ముందర, టెంకాయ కొట్టాడు. అమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అక్టోబరు 4
రాత్రి వాన. హస్త కార్తె మోసం చెయ్యలేదు. నల్లరేగడి రెండు మూడు రోజులు కాలు పెట్టనియ్యదు. బండి రావడానికి నాకున్న గడువూ అంతే. భాయ్‌కి నాలుగుసార్లు ఫోను. నాలుగోసారి ఎత్తలేదు.

అక్టోబరు 6
గేరుబాక్సు మూత పడింది. మూడులో వేసి చెయ్యి తీసేశా. కాళ్ళు కూడా ఎడంగా పెట్టుకున్నా. కుందూ దాటి ఊరొచ్చిందాకా రాడ్డు అదరలేదు. కుడికాలు మాత్రం దాని దిక్కే పోతోంది. నాకెప్పుడు అలవాటైంది ఇది?

అక్టోబరు 8
శనగ వేశాం, జేజీ 11 రకం. మధ్యాహ్నం నాయన చేనికొచ్చి, ఒక్క సాలు తోలతా అన్నాడు. చెయ్యి అందిస్తే పట్టుకోకుండా చక్రం పట్టుకునే ఎక్కాడు. గట్టు మీద నిలబడి చూస్తున్నా. గేరు వేశాడు. కుడి మోకాలు దానంతటదే పోయి రాడ్డుకు ఆనింది.
అరవబోయి, ఒక్క సాలే కదా అని ఊరుకున్నా.
చివరిదాకా పోయి తిప్పుకుని, రెండో సాలు కూడా ఆయనే పట్టాడు.